మడ్ సేల్‌కి వెళ్తున్నారా? అమిష్ బొంతలు, బల్లల గురించి మీ ప్రశ్నలు

ప్రశ్న: పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీలో మార్చి నెలలో అమిష్ వాళ్ల (కార్లు, కరెంటు తీగ వద్దనుకుని సాదాగా బతికే క్రైస్తవ సమాజం) ‘మడ్ సేల్’ జరుగుతుందని విన్నాం. మాలాంటి బయటివాళ్లు వెళ్లి కొనొచ్చా? పద్ధతేమిటి?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: నిక్షేపంగా వెళ్లొచ్చు. ఊళ్లలోని వాలంటీర్ అగ్నిమాపక దళాల ఖర్చుల కోసం పెట్టే వేలంపాటలివి. ఫిబ్రవరి చివర్లో మొదలై వసంతమంతా, ఎక్కువగా శనివారాల్లో, ఒక్కో వారం ఒక్కో ఊళ్లో సాగుతాయి. స్ట్రాస్‌బర్గ్, బార్ట్, గార్డన్‌విల్, గ్యాప్ ఊళ్లవి పేరున్నవి. అమిష్ మగవాళ్లు చాలామంది ఈ దళాల్లో సభ్యులే. ఫైరింజన్ నడపరు గానీ, ఎక్కి వెళ్లి మంటలు ఆర్పుతారు.

గడ్డకట్టిన నేల కరిగే రోజులు కాబట్టి, అంతమంది జనం, గుర్రాలు, బండ్లు తిరిగేసరికి పొలం చిత్తడి చిత్తడి అవుతుంది. ‘మడ్’ (బురద) అన్న పేరు అందుకే. రబ్బరు బూట్లు తప్పనిసరి. స్ట్రోలర్ చక్రాలు కూరుకుపోతాయి. చంటిబిడ్డను చంకనేసుకోవడమే మేలు.

దిగగానే రిజిస్ట్రేషన్ గుడారానికి వెళ్లి, డ్రైవింగ్ లైసెన్స్ చూపించి, నంబరు కార్డు తీసుకోండి. ఒకే సమయంలో నాలుగైదు చోట్ల పాట నడుస్తుంటుంది: క్విల్టులు (బొంతలు) ఓ చోట, ఫర్నిచర్ ఓ చోట, గుర్రాలూ బగ్గీలూ మరో చోట. మీకు కావలసిన వస్తువు పాట ఎన్నింటికో ముందే కనుక్కోకపోతే, సూప్ తాగి వచ్చేలోపు అది వేరేవాళ్ల కారెక్కేస్తుంది.

కొత్తవాళ్లు బోల్తాపడేది ‘టైమ్స్ ద మనీ’ దగ్గర. ఆరు కుర్చీలను కలిపి పాటకు పెట్టి ‘నలభై’ అంటే, అది ఒక్క కుర్చీ ధర. పాట మీకు దక్కితే కట్టాల్సింది 240 డాలర్లు. ‘ఛాయిస్’ పద్ధతి ఇంకొకటి: వరసగా పెట్టిన వస్తువుల్లోంచి పాట గెలిచినవారు నచ్చినవి ఏరుకుంటారు, ఎన్ని తీసుకుంటే అన్నింటికీ విడివిడిగా అదే ధర కడతారు, మిగిలినవాటికి మళ్లీ పాట మొదలవుతుంది. పాట పాడేవాడి వేగం చెవికి అలవాటయ్యే దాకా కార్డు జేబులోనే ఉంచుకోండి. కొన్నది వెనక్కి తీసుకోరు, సాధారణంగా ఆ రోజే తీసుకెళ్లాలి. క్రెడిట్ కార్డులు అన్నిచోట్లా నడవవు, నగదు దగ్గర పెట్టుకోండి. శాకాహారులైతే డోనట్లు ఏ కొవ్వులో వేయించారో అడిగి తినండి. పంది కొవ్వు వాడటం అక్కడ మామూలే.

ప్రశ్న: మే నెలలో ఒక గురువారం సెలవు పెట్టుకుని వెళ్తే చాలా అమిష్ దుకాణాలు మూసి ఉన్నాయి. ఆదివారం తెరవరని తెలుసు. గురువారం ఏమిటి?
— ఒక పాఠకుడు, ఫిలడెల్ఫియా

జవాబు: అది క్రీస్తు ఆరోహణ దినం అయ్యుంటుంది. ఈస్టర్ నుంచి లెక్కిస్తే 40వ రోజు, ఎప్పుడూ గురువారమే. లాంకాస్టర్ అమిష్‌లకు పూర్తి సెలవు: చుట్టాలిళ్లకు వెళ్తారు, కుర్రకారు సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. గుడ్ ఫ్రైడే, ఈస్టర్ మర్నాటి సోమవారం, పెంతెకోస్తు (ఈస్టర్ తర్వాత ఏడో ఆదివారం) మర్నాటి సోమవారం కూడా దుకాణాలు మూస్తారు. 2026లో ఈ తేదీలు వరసగా ఏప్రిల్ 3, ఏప్రిల్ 6, మే 25. ఆరోహణ దినం మే 14. కౌంటీలో అమిషేతరులు నడిపే దుకాణాలు ఆ రోజుల్లోనూ చాలావరకు తెరిచే ఉంటాయి. తలుపు తెరిచి ఉందంటే లోపలున్న సరుకు ఎవరు చేశారని అడగడానికి అదో మంచి సందర్భం!

ప్రశ్న: క్విల్టుల ధర వెయ్యి డాలర్లు దాటుతోంది. చేతికుట్టా, మిషన్ కుట్టా ఎలా గుర్తుపట్టాలి? ఇంటికి తెచ్చాక ఉతకొచ్చా?
— ఒక పాఠకురాలు, మేరీలాండ్

జవాబు: ముందు తిరగేయండి. మిషన్ కుట్టులో దారం ఎడం లేకుండా వరసగా సాగుతుంది. చేతికుట్టులో కుట్టుకీ కుట్టుకీ మధ్య చిన్న ఖాళీ ఉంటుంది, వెనక వైపూ అలాగే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. మంచి పనితనమైతే పై వైపు అంగుళానికి 8 నుంచి 10 కుట్లు పడతాయి. మధ్యలోనూ అంచు దగ్గరా కూడా లెక్కపెట్టండి. చేతులు మారిన చోట కుట్టు పొడవు మారుతుంది. చేతికుట్టులో ముడి ఎక్కడా పైకి కనబడకూడదు, లోపలి దూదిపొరలోకి లాగేస్తారు. ముక్కలను ఒకదానికొకటి అతికింది మిషన్ మీదైతే తప్పుపట్టకండి. తొక్కుడు మిషన్ అమిష్ ఇళ్లలో ఉండేదే. ‘హ్యాండ్ క్విల్టెడ్’ అన్నది మూడు పొరలనూ (పైగుడ్డ, దూది, అడుగుగుడ్డ) కలిపే కుట్టుకే వర్తిస్తుంది.

‘అమిష్’ అనే చీటీని మాత్రం నమ్ముకోవద్దు. లాంకాస్టర్ దుకాణాల్లో అమ్మే క్విల్టుల్లో చాలా పని లావోస్ నుంచి వచ్చి స్థిరపడిన హ్మాంగ్ తెగ స్త్రీల చేతిది. అప్లికే (గుడ్డ మీద గుడ్డముక్కలు అతికి బొమ్మలు కుట్టే) పనిలో వాళ్ల చెయ్యి ఎవరికీ తీసిపోదు. నాసిరకం అని కాదు, డబ్బు పెడుతున్నది పనితనానికైతే పనితనాన్నే చూడమని. పువ్వుల అచ్చుగుడ్డలున్నవి కొనేవాళ్ల ముచ్చట కోసం చేసినవి. లాంకాస్టర్ పాత పద్ధతిలో సాదా ముదురు రంగులే ఉండేవి: మధ్యలో పెద్ద వజ్రాకారం, లేదా నిలువు పట్టీలు, లేదా ‘సన్‌షైన్ అండ్ షాడో’ అనే రంగుల మెట్లు.

కొలత ఇంట్లోనే తీసుకుని వెళ్లండి. క్వీన్ పరుపు 60 అంగుళాల వెడల్పు, 80 పొడవు. రెండు పక్కలా 15 అంగుళాలు వేలాడాలంటే వెడల్పు 90. కాళ్లవైపు 15, దిండ్ల కింద మడవడానికి 10 కలిపితే పొడవు 105. పరుపు మందం ఎక్కువైతే ఆ మేరకు పెంచుకోండి.

ఉతికే ముందు తడిపిన తెల్లగుడ్డతో ఎరుపు, ముదురు నీలం ముక్కల మీద రుద్ది చూడండి. రంగు అంటితే ఇంట్లో ఉతక్కండి. అంటకపోతే చన్నీళ్లలో కొద్దిపాటి సబ్బుతో చాలు. లోపల నూలు దూది ఉంటే మొదటి ఉతుకులో కాస్త ముడుచుకుంటుంది. తడి క్విల్టును తీగమీద వేలాడదీయకండి. నీటి బరువంతా కుట్ల మీద పడి దారాలు తెగుతాయి. దుప్పటి పరిచి నీడలో పరచండి. కుట్టేవాళ్లు గీసుకున్న నీలం గీతలు మిగిలి కనిపిస్తే, అవి నీళ్లతో పూర్తిగా పోయే దాకా ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానీయకండి. వేడి తగిలితే మరక శాశ్వతం.

ప్రశ్న: ఫొటోలు తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, వర్జీనియా

జవాబు: పొలాలు, వస్తువులు తీసుకోండి, మనుషుల ముఖాలు వద్దు. విగ్రహం చేసుకోవద్దన్న బైబిల్ ఆజ్ఞను వాళ్లు ఫొటోలకూ వర్తింపజేస్తారు. పిల్లలు నవ్వుతూ నిలబడినా సరే, అడగకండి.

ప్రశ్న: ఒహాయోలోని హోమ్స్ కౌంటీలో ఓక్ డైనింగ్ టేబుల్ కొనాలనుకుంటున్నాం. కరెంటు లేకుండా అంత నున్నగా ఎలా చేస్తారు? చలికాలంలో పగుళ్లిస్తుందని ఒకరు భయపెట్టారు.
— ఒక పాఠకురాలు, క్లీవ్‌లాండ్

జవాబు: కరెంటు తీగ లేదంటే యంత్రం లేదని కాదు. డీజిల్ ఇంజన్‌తో గాలిని ఒత్తిడికి గురిచేసి, ఆ గాలితో రంపాలు, సాండర్లు (చెక్కను నునుపు చేసే యంత్రాలు) తిప్పుతారు. ఏది వాడొచ్చో ఏది కూడదో ఆయా చర్చి సమూహం కట్టుబాటు తేలుస్తుంది.

పగుళ్ల భయంలో నిజముంది. చెక్క పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. 40 అంగుళాల వెడల్పున్న మామూలు కోత రెడ్ ఓక్ బల్లలో తేమ 6 నుంచి 10 శాతానికి మారితే, వెడల్పు సుమారు అరంగుళం పెరుగుతుంది. క్వార్టర్ సాన్ కోతైతే (దుంగను ముందు నాలుగు భాగాలు చేసి కోసిన పలక) పావు అంగుళం. ఈ కదలికకు చోటివ్వకుండా పైపలకను జిగురుతోనో, బిగుతు స్క్రూలతోనో చట్రానికి కట్టేస్తే, హీటర్లు వేసే నెలల్లో పలక నిలువునా చీలుతుంది. కొనేటప్పుడు ఫోన్ టార్చ్ వేసి బల్ల కిందికి వంగి చూడండి. స్క్రూ రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా ఉండాలి, లేదా ఎనిమిది అంకె ఆకారపు లోహపు బిళ్లలు గానీ, చెక్క బిళ్లలు గానీ పలకను పట్టి ఉంచాలి. సొరుగులుంటే మూలల్లో డవ్‌టెయిల్ జోడింపులు (పావురం తోక ఆకారపు పళ్లు ఒకదానిలో ఒకటి ఇమిడేవి) చూడండి. అడుగు పలక గాడిలో వదులుగా కూర్చుని ఉండాలి, మేకులతో కొట్టి ఉండకూడదు. ఇంట్లో హీటర్ గాలి వచ్చే రంధ్రం మీద మాత్రం బల్ల వేయకండి. గదిలో తేమ 35–45 శాతం మధ్య ఉండేలా చూసుకోండి.