రైల్లో నాకొక్కదానికే జాగారం

ప్రశ్న: మాకు పెళ్లయి మూడేళ్లు. మా ఆయనకు రైలు ప్రయాణమంటే పిచ్చి. ఈసారి రెండు రాత్రుళ్లు పట్టే దూరం స్లీపర్‌లో వెళ్దామంటున్నారు. కిందటేడు ఒక్క రాత్రి ప్రయాణానికే నాకు కంటిమీద కునుకు లేదు. ఆయన గురకపెట్టి నిద్రపోయారు. దిగాక చిన్న మాటకే విరుచుకుపడ్డాను, రెండు రోజులు మాటల్లేవు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు, వెళ్తే మళ్లీ గొడవే. ఏం చేయను?

జవాబు: మీ కోపం రైలు మీద కాదు, ఆయన నిద్ర మీద. అందులో తప్పులేదు. పక్కమనిషి హాయిగా నిద్రపోతుంటే మేలుకున్నవాళ్లకు రాత్రి మరీ పొడవవుతుంది. కానీ మీరు జాగారం చేశారని ఆయనకు ఎప్పుడు తెలిసింది? దిగాక, గొడవలోనేగా! టికెట్లు తీయకముందే ఆ రాత్రి సంగతి చెప్పండి. గురకతో మొదలుపెట్టకండి, వాదనైపోతుంది. ఒక్కదాన్నే కూర్చున్నాననండి చాలు.

నిద్ర పట్టకపోవడం మీ లోపం కాదు. కొత్తచోట మొదటి రాత్రి నిద్రలోనూ మెదడులో ఒక పక్క కాపలా కాస్తున్నట్టు కొంత మెలకువగా ఉంటుందని అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో చూపించారు. రైల్లో కుదుపులూ, తలుపుల చప్పుళ్లూ అదనం. మొదటి రాత్రి పోయినట్టేనని అనుకునే బయల్దేరండి.

బెర్తులు మాత్రం మీరే ఎంచుకోండి. చక్రాలు బోగీ రెండు చివర్ల కింద ఉంటాయి, తలుపులూ బాత్‌రూములూ అటే. కాబట్టి మధ్యలో కాస్త ప్రశాంతం. పై బెర్తు ఎక్కువ ఊగుతుంది, అయితే పగలు ఎప్పుడైనా నడుం వాల్చొచ్చు. రాత్రి లేచే అలవాటుంటే కిందిదే నయం. ఇద్దరికీ ఒకేచోట దొరక్కపోతే బెంగపడకండి, గురక వినపడని దూరం మీకు వరమేమో!

పగలు ఇంకో చిక్కు. ఇంట్లో అలిగితే పక్కగదిలోకి పోతాం, బోగీలో ఆ వీల్లేదు, పైగా చుట్టూ అందరి చెవులూ మనవైపే. జంటగా వెళ్లామని పొద్దస్తమానం కబుర్లాడాలని ఎక్కడా లేదు. కాసేపు ఎవరి పుస్తకం వాళ్లది. ఫిర్యాదులేమున్నా దిగి, స్నానం చేసి, ఒక నిద్ర తీశాకేనని ముందే ఒప్పుకోండి.

అప్పటికీ మనసొప్పకపోతే వెళ్లేటప్పుడు రైలు, తిరుగు ప్రయాణం విమానమని బేరమాడండి. వెళ్తే మాత్రం, అర్ధరాత్రైనా లేపొచ్చని ఆయన దగ్గర మాట తీసుకోండి. తీసుకున్నాక మొహమాటపడకుండా లేపండి.