రెండో గ్లాసు

అమ్మీ,

నిన్న ఫోన్లో ఒక మాట అన్నావు. మీ నాయన పోయినాక కూడా పొద్దున్నే టీకి నీళ్లు పెడితే చెయ్యి దానంతటదే రెండు గ్లాసులు పోస్తోందని, ఒకటి వంపేసి ఏడుస్తున్నానని. రాత్రంతా అదే మెదిలింది నాకు. వంపొద్దు తల్లీ. రెండూ కాయి.

మా జేజి కాలంలో ఇంట్లో టీ లేదు, శొంఠి కషాయమే. జేజినాయన పోయినాక కూడా ఆమె రెండు లోటాలు పెట్టేది. మీ మామ పోయినప్పుడు నేనూ అదే చేసినా. ఇది శాస్త్రం కాదు, అయ్యవారు చెప్పిందీ కాదు. పెద్దకర్మ అయిపోయి, చుట్టాలంతా బస్సులెక్కినాక మొదలయ్యే ఏడుపుకు మన ఇంటి ఆడోళ్లు చేసుకున్న పని.

రెండున్నర గ్లాసుల నీళ్లు పెట్టు. వేలికొసంత శొంఠి దంచి, అరచెంచా ధనియాలు వేయించి నలిపి, ఏడెనిమిది తులసాకులు వేయి. సన్నసెగ మీద రెండు గ్లాసులయ్యేదాకా మరగనీ. నిద్ర పట్టడంలేదంటివి కదా, టీపొడి పొద్దున మాత్రమే, సాయంత్రం వద్దు. పొయ్యి ఆపినాక బెల్లం. మీ నాయనకు తీపి దండిగా ఉండాల, ఆయన గ్లాసులో తగ్గించొద్దు.

ఆ గ్లాసు ఎదురుగా పెట్టుకో. నీది తాగుతా మాట్లాడు. మంచిమాటలే చెప్పాలని లేదు. నొప్పి నాకు చెప్పకుండా దాచినందుకు మీ మామను వారం దినాలు తిట్టినా. తిట్లు అయిపోయినాక, శెనక్కాయ చేలో ఇద్దరం వానకు తడిసింది గుర్తొచ్చి నవ్వినా.

ఆయన గ్లాసు చల్లారేదాకా లేవొద్దు, ఫోను ముట్టుకోవద్దు. ఆ కూర్చునే సేపే దీంట్లో ముఖ్యం. బాగా చల్లారినాక యాపచెట్టు మొదట్లో పోయి. వేడిగా పోస్తే వేరు మాడుతుంది. తులసికోటలో వద్దు, బెల్లానికి చీమలు పడతాయి. గ్లాసు నీ చేత్తోనే కడిగి బోర్లించు.

ఎన్నాళ్లని అడగొద్దు. నాకు ఏడు నెలలు పట్టింది. ఒక పొద్దు ఒకటే గ్లాసు నీళ్లు పెట్టుకున్నా, తాగినాక గానీ చూసుకోలేదు. ఆయనకు ద్రోహం చేసినట్టనిపించి మళ్లీ ఏడ్చినా. నీకూ అట్ల అనిపిస్తుంది, భయపడొద్దు.

బతకాలని లేదనిపిస్తే మాత్రం దీంతో సరిపెట్టుకోవద్దు. 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, మనసు బాధలు చెప్పుకునేదానికి సర్కారోళ్లు 2022లో పెట్టినారు. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. అర్ధరాత్రయినా నాకూ చెయ్యి.

మీ నాయన నా తమ్ముడు. చెయ్యి పట్టి నడక నేర్పింది నేనే. ఆదివారం పొద్దుటి బస్సుకు ప్రొద్దుటూరు నుంచి కడపకు వస్తా. పుష్పగిరికి పోయి పెన్న ఒడ్డున కాసేపు కూర్చుందాం. ఆ పొద్దు మూడు గ్లాసులకు నీళ్లు పెట్టు.

మీ అత్త