తల్లిగా కొత్త ఏడాదికి దేవుణ్ణి ముందు పెట్టుకుని ప్లాన్ చేసుకోవడం ఎలా? మా ఇంట్లో నడిచే పద్ధతి

మీరు విజయనగరంలో ఉంటారని, ఇద్దరు ఆడపిల్లలని, పెద్దమ్మాయి ఈ ఏడు పదో తరగతి అని రాశారు. జనవరి 1న డైరీలో రాసుకున్నవి సంక్రాంతికే అటకెక్కుతున్నాయి, ఈసారి ఉగాదికి దేవుడి పేరు మీద మొదలుపెట్టాలనుంది, తల్లిగా ఏం చూసుకోవాలి, ఏం రాసుకోవాలి అన్నది మీ ప్రశ్న. మాది శ్రీకాకుళం. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. మా ఇంట్లో ఏం చేస్తామో చెబుతాను, నచ్చింది తీసుకోండి.

ముందు ఒక మాట. జనవరిలో అవి ఆగిపోతాయి మరి. సంక్రాంతి నెలలో ఇల్లు మన చేతిలో ఉండదు కదా. అరిసెలు, చుట్టాలు, ఊరి ప్రయాణం, నాకైతే అర్ధరాత్రి దాకా మిషన్. ఉగాది నాటికి పిల్లల చదువుల ఏడాది చివరికొస్తుంది, మార్చి 31 దగ్గర పడుతుంది కాబట్టి డబ్బు లెక్కలూ తేలిపోతాయి. వెనక్కి తిరిగి చూసుకోవడానికి తల్లికి ఇంతకన్నా మంచి సమయం లేదని నా ఉద్దేశం.

ఉగాది సాయంత్రం గుడిలో పంచాంగ శ్రవణం వినే ఉంటారు. ఒక్కో రాశికి ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం చెబుతారు. ఒకసారి నా రాశికి వ్యయం బాగా ఎక్కువ వచ్చిందని దిగులుగా ఇంటికొస్తే మా అత్తమ్మ, "పంతులుగారు రాశికి సెప్పినాడే, నీ ఇంటికి నువ్వు సూసుకో" అంది. అప్పట్నుంచి ఆ నాలుగు మాటలూ మాకు నాలుగు గడులయ్యాయి. వచ్చే ఏడాదికి కాదు, గడిచిన ఏడాదికి రాస్తాం. పిల్లల పాత లాంగ్‌ నోట్సులో మిగిలిన పేజీలు చాలు. నాలుగు మూలలా పసుపు రాసి, పైన శ్రీరామ అని రాసి, దేవుడి దగ్గర పెట్టి మొదలుపెడతాం.

ఆదాయం, వ్యయం సులువే. మిషన్ మీద వచ్చింది, ఆయన జీతం, పిల్లల చదువుకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం కింద పడిన 13,000, డ్వాక్రా వాయిదాలు, ట్యూషన్ ఫీజులు. అక్కడే ఒక పని కూడా తెమిలిపోతుంది. మీ చిన్నమ్మాయికి సుకన్య సమృద్ధి ఖాతా ఉంటే ఈ ఏడాది కనీసం 250 రూపాయలైనా వేశారో లేదో చూసుకోండి. మార్చి 31 దాటితే మళ్లీ జరిమానా కట్టి తెరిపించుకోవాలి.

అసలు విషయం మిగతా రెండు గడుల్లో ఉంది. రాజపూజ్యం అంటే ఈ ఏడాది మనల్ని ఎవరు నిలబెట్టారు అని. ఫీజుకి తక్కువైతే అడక్కుండానే సర్దిన ఆడపడుచు, జ్వరమొచ్చినప్పుడు క్యారేజీ పంపిన పక్కింటావిడ. ఆ పేర్లు చదివి దేవుడికి దండం పెట్టుకుంటాం. దేవుడికి కృతజ్ఞత చెప్పడమంటే నాకు తెలిసింది ఇదే. ఊరికే అంతా నీ దయ అంటే పిల్లలకి ఏమీ అర్థం కాదు, పేరు చెబితే అర్థమవుతుంది. (అవమానం గడిలో నేను మొదటి ఏడాది రాసినవి, పండగ జాకెట్లు కుట్టించుకుని డబ్బులివ్వని వాళ్ల పేర్లు. అత్తమ్మ చూసి తెగ నవ్వింది.)

అవమానం గడి పిల్లల చేత చెప్పించండి. ఈ ఏడాది ఇంట్లో ఎవరి మాట వల్ల మనసు నొచ్చుకుంది అని అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి, ఆ రోజు మాత్రం జవాబు చెప్పకండి. "అది నీ మంచికే అన్నాను" అని మొదలుపెట్టారా, వచ్చే ఏడాది ఎవరూ నోరు విప్పరు. చుట్టాల ముందు మార్కులు చెప్పడం, అక్కతో పోల్చడం, ఇలాంటివే వస్తాయి, పెద్ద రహస్యాలేం బయటపడవు. వాటిల్లోంచి ఒక్కటి తీసుకుని ఈ ఏడాది అది చేయను అని దేవుడి ముందు అనుకోవడమే నా దృష్టిలో తల్లి చేసుకోవలసిన సంకల్పం.

ఇక ప్లాన్. ఏడాది మొత్తానికి మాట ఇవ్వకండి. ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా తొమ్మిది రోజులుంటాయి, వసంత నవరాత్రులు. అన్నాళ్లకే ఒక చిన్న పని పెట్టుకోండి. మా ఇంట్లో ఒకసారి సాయంత్రం దీపం పెట్టాక అరగంట టీవీ, ఫోన్ ఆపేయాలని పెట్టుకున్నాం. నవమి నాడు పానకం, వడపప్పు చేసుకున్నాక నిలబడుతుందో లేదో తెలిసిపోయింది, దాన్నే పొడిగించాం. నిలబడకపోతే వదిలేసి ఇంకోటి చూసుకుంటాం, దానికి దేవుడికి కోపమేం రాదు.

తర్వాత నెలల తేదీలు పెట్టుకోకుండా పండగలకి ముడిపెట్టండి, అవి వాటంతటవే గుర్తు చేస్తాయి. మీకైతే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఉంది. దసరా తర్వాత వచ్చే మంగళవారం, అంటే ఉగాదికి ఆరు నెలలు దాటి. దానికి ముందురోజు, తొలేళ్ల నాటికి ఇల్లెలాగూ శుభ్రం చేస్తారు, ఆ రోజే నోట్సు తీసి చూసుకోండి. మా ఇంట్లో నోట్సు రెండోసారి తీసేది రథసప్తమికి. ఆ రాత్రి అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడిలో జనం ఇసకేస్తే రాలరు, చిన్నపిల్లలతో నేను వెళ్లను. ఇంట్లోనే తలమీద, భుజాల మీద జిల్లేడాకులు పెట్టి పిల్లలకి స్నానం చేయించి, పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడాకులో పరమాన్నం పెడతాను. వార్షిక పరీక్షలు దగ్గర పడుతుంటాయి కాబట్టి ఆ ఉదయం మాట్లాడుకునేదంతా నిద్ర, తిండి, కళ్లు, ఆరోగ్యం గురించే. ఆ స్వామిని అడగాల్సిందీ అదే కదా.

మొక్కుల గురించి మీరు అడగలేదు గానీ, పదో తరగతి పిల్ల ఉన్న ఇల్లు కనుక చెబుతున్నాను. 600కి 550 దాటితే ఫలానా కొండకి నడిచి వస్తామని పిల్లలు వినేలా మొక్కుకుంటారు కొందరు. నాకది నచ్చదు. ఒకటి తక్కువొస్తే పిల్ల పరీక్షతో పాటు దేవుడి దగ్గర కూడా తప్పినట్టు అనుకుంటుంది. మొక్కుకోవాలనుంటే మీ వంతు పనికే మొక్కుకోండి. పరీక్షలయ్యేదాకా గొంతు పెంచను తల్లీ అని పైడితల్లికి మొక్కుకుంటే తీర్చాల్సింది మీరే అవుతారు, పిల్ల మీద టెన్షన్ ఉండదు.

ఈసారి, అంటే 2026లో, ఉగాది మార్చి 19, గురువారం. పదో తరగతి పరీక్షల మధ్యలో పడింది. కాబట్టి ఆ రోజు పెద్దమ్మాయిని పొద్దున్నే లేపి హడావుడి చేయకండి. వేపపూత దూయడం చిన్నదానికి అప్పజెప్పండి. కాడలు తీసి, అరచేతుల్లో నలిపి, ఊదితే పొట్టు ఎగిరిపోయి రేకులు మిగులుతాయి, పిల్లలకి సరదా. పచ్చడి నాకించి చదువుకోనివ్వండి. నాలుగు గడుల పని ఆఖరి పరీక్ష అయ్యాక ఒక సాయంత్రం పెట్టుకోండి, ఆదాయం వ్యయం మాత్రం మార్చి 31లోపు మీరొక్కరే రాసేసుకోండి. పైడితల్లి గుడికి కూడా పరీక్షలయ్యాకే తీసుకెళ్లండి, మంగళవారం కాకుండా చూసుకుంటే తీరిగ్గా దర్శనమవుతుంది.