పెరటి కోళ్లు: మరాన్ కోడి, ముదురు గుడ్డు – మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే జాతి గురించి. పడమటి ఫ్రాన్స్‌లో లా రోషెల్‌కు దగ్గర్లో, బురద నేలల మధ్య మరాన్ అనే చిన్న రేవు ఊరుంది. కోడికి ఆ ఊరి పేరే పెట్టారు. ఇంగ్లిషులో రాస్తే చివర ‘ఎస్’ వస్తుంది. అది బహువచనం కాదు, ఊరి పేరులోదే. ఫ్రెంచివాళ్లు దాన్ని పలకరు.

ప్ర: మా దొడ్లో నాలుగు బ్లాక్ కాపర్ మరాన్ (నల్లటి ఒళ్లు, రాగి రంగు మెడ ఉండే రకం) పెట్టలున్నాయి. ఫిబ్రవరిలో గుడ్లు మొదలైనప్పుడు చాక్లెట్ రంగులో ఉండేవి. జూన్ వచ్చేసరికి బజారులో దొరికే బ్రౌన్ గుడ్ల కంటే ఒక పిసరు ముదురు, అంతే. దాణాలో ఏం తగ్గింది? ఏమైనా కలపాలా?
– ఫ్రిస్కో, టెక్సాస్

జ: దాణాలో ఏమీ తగ్గలేదు. బంతిపూల రేకులు, ఎర్ర మిరప తినిపిస్తే పచ్చసొనకు రంగొస్తుంది గానీ పెంకుకు రాదు.

ఒక గుడ్డు పగలగొట్టి పెంకు లోపలి వైపు చూడండి. తెల్లగా ఉంటుంది. ముదురు రంగంతా పైపూతే. పెట్ట కడుపులో గుడ్డు తయారవడానికి సుమారు 25 గంటలు పడుతుంది. అందులో 20 గంటల దాకా పెంకు కట్టే సంచిలోనే గడుస్తుంది. ప్రోటోపార్ఫిరిన్ అనే గోధుమ వర్ణద్రవ్యంలో ఎక్కువ భాగం చివరి కొద్ది గంటల్లోనే పెంకు మీదికి చేరుతుంది. గోడ కట్టడం అయ్యాక సున్నం కొట్టినట్టన్నమాట. అందుకే అప్పుడే పెట్టిన తడి గుడ్డు మీద గోరు గీసినా, పెట్ట కాలిగోరు తగిలినా తెల్లటి గీత పడుతుంది.

పెట్ట రోజూ పెడుతూ పోతే ఒక్కో గుడ్డుకు అందే పూత పలచబడుతుంది. కోడిపిల్ల దశ దాటి పెట్టే మొదటి గుడ్లు, ఈకలు రాల్చి కొత్త ఈకలు వేసుకున్నాక పెట్టే గుడ్లు అన్నిటికన్నా ముదురుగా ఉంటాయి. వేసవి చివరికి వెలుస్తాయి. ఏడాదికి 150 నుంచి 200 గుడ్లు పెట్టే జాతి ఇది. 200 వైపు నడిచే పెట్ట కంటే 150 దగ్గర ఆగే పెట్ట గుడ్డే సాధారణంగా ముదురు. రెండూ కావాలంటే కుదరదు.

రంగు మెల్లగా దిగితే భయపడక్కర్లేదు. ఒక్క వారంలో పడిపోతే మాత్రం వెతకాలి. కుక్క తరమడం, కొత్త కోడిని గుంపులో వదలడం లాంటివి జరిగితే పెట్ట బెదిరి గుడ్డును లోపలే ఆపుకుంటుంది. పూత పడాల్సిన వేళ దాటిపోయి, పైన సున్నపు పొడి చల్లినట్టు తెల్లటి దుమ్ముతో గుడ్డు బయటికొస్తుంది. నాలుగైదు రోజుల్లో అదే సర్దుకుంటుంది. రంగు పోవడంతో పాటు పెంకు ముడతలు పడి, తెల్లసొన నీళ్లలా జారితే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే వైరస్ జబ్బును అనుమానించి పశువైద్యుడికి చూపించండి. ఇంకో సంగతి: మాంసపు కోళ్ల దాణాలో వాడే నైకార్బజిన్ అనే మందు గుడ్ల కోళ్ల కడుపులో పడితే ఒకటి రెండు రోజుల్లోనే పెంకు పాలిపోతుంది. సంచి మీది చీటీ చదవకుండా దాణా మార్చినవాళ్లకు ఎదురయ్యేది ఇదే. మీ పెట్టలకు 16 శాతం మాంసకృత్తులున్న లేయర్ దాణా రోజుకు 110–120 గ్రాములు, విడిగా ఓ గిన్నెలో ఆల్చిప్పల నలుగు పెడితే చాలు. అదనపు కాల్షియం పెంకును గట్టిపరుస్తుంది, ముదురు చేయదు.

ప్ర: పన్నెండు మరాన్ గుడ్లు తెప్పించి ఇంక్యుబేటర్లో పెట్టాం. నాలుగే పిల్లలయ్యాయి. మిగతావి పగలగొట్టి చూస్తే ఆరింట్లో పిల్ల పూర్తిగా తయారై, ఉబ్బి, తడితడిగా చచ్చిపోయి ఉంది. మా మామూలు కోడి గుడ్లకు ఇదే మెషీన్లో ఎప్పుడూ ఇలా కాలేదు.
– లెస్టర్, ఇంగ్లండ్

జ: తప్పు మెషీన్‌ది కాదు, తేమది. ఆ ముదురు పూత పెంకు రంధ్రాల మీద కూడా పడుతుంది. అందువల్ల మామూలు గుడ్డు వదిలినంత నీటిని మరాన్ గుడ్డు వదల్లేదు. నీరు తగ్గకపోతే పెద్దకొస దగ్గరి గాలి గది పెరగదు. పిల్ల 20వ రోజున ముక్కు పెట్టి గాలి పీల్చుకోవడానికి చోటుండదు. మీరు చూసిన ‘ఉబ్బిన పిల్ల’ అదే.

తేమ మీటరు కంటే వంటింటి డిజిటల్ తక్కెడను నమ్మండి. గ్రాములో పదో వంతు చూపేదైతే మేలు. పెట్టేముందు ప్రతి గుడ్డూ తూచి, బరువు పెన్సిల్‌తో దాని మీదే రాయండి. 18వ రోజుకు బరువులో 11 నుంచి 13 శాతం తగ్గాలి. అంటే 65 గ్రాముల గుడ్డు 7వ రోజున 62 దగ్గర, 14వ రోజున 59 దగ్గర, 18వ రోజున 57 గ్రాముల దగ్గర ఉండాలి. ఏడో రోజున ఇంకా 63.5 ఉందంటే నీళ్ల గిన్నె తీసేయండి, గాలి రంధ్రాలు తెరవండి. చాలామంది మరాన్ గుడ్లకు మొదటి 18 రోజులూ తేమ 30–40 శాతం మధ్యే ఉంచుతారు. మామూలు గుడ్లకు చెప్పే 45–50 వీటికి ఎక్కువ. రెండు రకాలూ ఒకే మెషీన్లో పెడితే ఏదో ఒకటి నష్టపోతుంది, కలపకండి.

ఫ్యాన్ ఉన్న మెషీన్‌కు వేడి 37.5 డిగ్రీలు. 18వ రోజు దాకా రోజుకు కనీసం మూడుసార్లు, బేసి సంఖ్యలో తిప్పండి. సరి సంఖ్య అయితే ప్రతి రాత్రీ గుడ్డు ఒకే పక్కన పడుకుంటుంది. 18న తిప్పడం ఆపి, తేమ 65–70కి పెంచి మూత వేశాక మళ్లీ తెరవొద్దు. ఇక్కడే చాలామంది చెయ్యి ఆగదు. ఒక పిల్ల పెంకు పొడవగానే తెరుస్తారు. తేమ ఒక్కసారిగా పోయి మిగతా గుడ్లలో పొర ఎండి పిల్లకు అంటుకుపోతుంది.

టార్చి వేసి చూడటం కూడా ఈ గుడ్లతో కష్టమే. మామూలు గుడ్డులో ఐదో రోజుకే నరాలు కనిపిస్తాయి. వీటిలో 10వ రోజు వరకు ఆగి, చీకటి గదిలో, గట్టి ఎల్ఈడీ టార్చిని పెద్దకొసకు ఆనించి, వెలుతురు పక్కలకు చిమ్మకుండా వేళ్లతో మూసి చూడండి. అనుమానమున్న గుడ్డును వాసనొస్తే తప్ప పారేయకండి. పార్సిల్లో వచ్చిన గుడ్లను పెద్దకొస పైకి ఉంచి ఒక రోజంతా కదపకుండా పెట్టాకే మెషీన్లో వేయాలి. కడగొద్దు. కడిగితే రంగుతో పాటు క్రిములను ఆపే పొర కూడా పోతుంది. మురికి ఉంటే పొడి బ్రష్‌తో దులపండి.

ప్ర: కుకూ మరాన్ (ఒళ్లంతా బూడిద రంగు చారలుండే రకం) పిల్లల్లో ఏది పుంజో, ఏది పెట్టో మొదటి రోజే తెలుస్తుందట, నిజమేనా?
– ఎడిసన్, న్యూజెర్సీ

జ: చాలావరకు. తల మీది తెల్ల మచ్చ పెద్దదై అంచులు చెదిరి, ఒళ్లంతా లేత బూడిద రంగైతే పుంజు. మచ్చ చిన్నగా, గుండ్రంగా ఉండి ఒళ్లు నల్లబడితే పెట్ట. పదింటిలో ఒకటో రెండో తప్పుతాయి. తప్పకూడదనుకుంటే బ్లాక్ కాపర్ పుంజును కుకూ పెట్ట మీద వేయండి. తల మీద మచ్చ ఉన్న పిల్లలన్నీ పుంజులు, మచ్చ లేనివన్నీ పెట్టలు. పుంజును, పెట్టను తారుమారు చేస్తే ఈ లెక్క పనిచేయదు.

ప్ర: ఇక్కడ నేను కొన్న మరాన్ కోళ్లకు కాళ్ల మీద ఈకలు లేవు. అమెరికాలో మా చెల్లెలి దగ్గరున్నవాటికి ఉన్నాయి. మోసపోయానా?
– రీడింగ్, ఇంగ్లండ్

జ: లేదు. లార్డ్ గ్రీన్‌వే 1929లో ఈ జాతిని బ్రిటన్‌కు తెప్పించాక, అక్కడి పెంపకందారులు ఈకలు లేని కాళ్లవాటినే ఎంచుకుంటూ వచ్చారు. ఫ్రెంచి ప్రమాణంలో కాలి బయటి వైపున, చివరి వేలి మీద పలుచగా ఈకలుండాలి. అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ 2011లో ఫ్రెంచి రూపాన్నే ఒప్పుకుంది. కాళ్ల ఈకలు 19వ శతాబ్దం చివర కలిసిన లాంగ్‌షాన్ అనే చైనా జాతి నుంచి వచ్చాయి. ముదురు గుడ్డు రంగు కూడా దాని చలవే. అంతకుముందు మరాన్ రేవు కోళ్లలో ఓడలవాళ్లు దింపిన పందెం పుంజుల రక్తం కలిసిందని చెబుతారు. గోదావరి జిల్లాల పాఠకులకు ఇది నచ్చే మాటే.

రెండు రకాలకూ వర్తించే గుర్తులు చూడండి: నారింజ కళ్లు, తల మీద నిటారుగా ఒకే వరుస తురాయి, తెల్లటి చర్మం, నాలుగు వేళ్లు. కాళ్లు పసుపుపచ్చగా ఉంటే కలగలుపు.

ప్ర: ముదురు గుడ్డు తరతరాలకు నిలవాలంటే పుంజును ఎలా ఎంచుకోవాలి? ఆలివ్ రంగు గుడ్లు కూడా వీటితోనే వస్తాయా?
– బే ఏరియా, కాలిఫోర్నియా

జ: పుంజు గుడ్డు పెట్టదు కాబట్టి దాని ఈకలు చూసి మురిసిపోతారు. రంగులో సగం వాటా దానిదే. కాబట్టి ఆ పుంజు ఏ గుడ్డులోంచి వచ్చిందో తెలియాలి. ఫ్రాన్స్‌లోని మరాన్ క్లబ్ గుడ్డు రంగును 1 నుంచి 9 వరకు కొలుస్తుంది. 4 కంటే తక్కువైతే దాన్ని మరాన్ గుడ్డుగా లెక్కించరు. 6, 7 వచ్చిన గుడ్లనే పొదిగించండి. 9 కోసం పాకులాడితే పూత మరీ మందమై పిల్లలు దిగవు. పైన చెప్పిన తేమ గొడవే మళ్లీ. ఈ రంగును ఒక్క జన్యువు నడపదు, చాలా జన్యువులు కలిసి నడుపుతాయి. రెండు తరాలు అశ్రద్ధ చేస్తే చాలు, గుడ్డు మామూలు బ్రౌన్‌కు దిగిపోతుంది. ఒక పుంజుకు ఎనిమిది పెట్టలు మించొద్దు. పుంజును మారిస్తే మూడు వారాలు ఆగాకే గుడ్లు పొదుగుకు తీయండి, పాత పుంజు ప్రభావం అంతవరకు ఉంటుంది.

ఆలివ్ రంగుకు నీలి గుడ్డు జాతి కావాలి. నీలం పెంకు మందమంతా ఉంటుంది. దాని మీద మరాన్ గోధుమ పూత పడితే ఆలివ్. నీలి గుడ్ల జాతి అయిన అమెరౌకానా పుంజు, మరాన్ పెట్ట జంట బాగుంటుంది. ఆ పుంజుకు నీలి జన్యువు రెండు వైపులా ఉంటే కూతుళ్లంతా ఆలివ్ పెడతాయి. వాటిని మళ్లీ మరాన్ పుంజుకు జత చేస్తే సగం పెట్టలు ఇంకా ముదురు ఆలివ్, మిగతా సగం గోధుమ రంగు.

ప్ర: మా పుంజు కాళ్ల పొలుసులు పైకి లేచి, సున్నం కట్టినట్టు మందమయ్యాయి.
– ప్లేనో, టెక్సాస్

జ: పొలుసుల కింద దూరే సన్నపురుగు పని. కాళ్ల మీద ఈకలుంటే తొలిరోజుల్లో కనబడదు, అందుకే ఆలస్యంగా పట్టుకుంటారు. గోరువెచ్చని సబ్బు నీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో తోమి, తుడిచి, వ్యాజ్‌లిన్ దట్టంగా పట్టించండి. గాలి ఆడక పురుగు చస్తుంది. వారానికి రెండుసార్లు, నెల రోజులు. లేచిన పొలుసును పీకకండి, రక్తమొస్తుంది. కిరసనాయిలు వద్దు, చర్మం కాలుతుంది. గుంపులో అన్నిటికీ చేయాలి, రాత్రి వాలే కర్రలూ శుభ్రం చేయాలి.

ప్ర: మా ఊళ్లో ఒకతను ‘ఫ్రాన్స్ చాక్లెట్ కోడి’ పొదుగు గుడ్లు అమ్ముతానంటున్నాడు. భీమవరం ఎండకు తట్టుకుంటాయా? అసలు మన కడక్‌నాథ్ గుడ్డు నల్లగా ఉంటుంది కదా, అదే పెంచుకోవచ్చుగా?
– భీమవరం

జ: కడక్‌నాథ్ మాంసం, ఎముకలు నలుపు, గుడ్డు మాత్రం లేత గోధుమ. ‘నల్ల గుడ్డు’ ఫొటోలు నమ్మకండి.

ఇక మరాన్. బయటి దేశాల నుంచి పక్షులైనా, పొదుగు గుడ్లైనా తేవాలంటే ప్రభుత్వ అనుమతి పత్రం, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ముందు అవి చూపమనండి. చూపకపోతే అక్కడితో వదిలేయండి. పత్రాలు ఉన్నాయనే అనుకుందాం. పుంజు మూడున్నర, నాలుగు కిలోలు తూగుతుంది, ఒళ్లంతా దట్టమైన ఈక, కాళ్లకూ ఈకే. 30 డిగ్రీలు దాటితే నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పే కొద్దీ రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి పెంకు పలచబడుతుంది, పూతా పలచబడుతుంది. ఆ పైన వానాకాలం బురద కాళ్ల ఈకలకు పట్టి, గూట్లో తేమ పెరిగి పిల్లలకు కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు వస్తుంది. చాక్లెట్ గుడ్డుకు డబ్బిచ్చి మామూలు గుడ్డు తింటారు. ఆ డబ్బుతో ఊళ్లోని మేలైన నాటు పెట్టలు నాలుగు కొని, కొక్కెర తెగులు టీకాలు వేళకు వేయించండి.