స్టీరింగ్ సిలిండర్ కారుతుంటే: మేనల్లుడికి మావయ్య ఉత్తరం

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచీ మనసు కుదురుగా లేదు. ట్రాక్టరు ముందు ఇరుసు దగ్గర ఆయిల్ కారుతోందనీ, పొద్దున్నే కాస్త పోసుకుని నడిపేస్తున్నాననీ, దమ్ములయ్యాక చూద్దామనీ అన్నావు. అంతవరకూ ఆగకు. ఆ బండిలో స్టీరింగ్ చక్రానికీ ముందు టైర్లకీ మధ్య ఇనుప కడ్డీ ఏదీ లేదు. పంపు తోసిన ఆయిల్ చక్రం కింది యూనిట్‌లోంచి రెండు హోస్ పైపుల్లో సిలిండర్‌కి వెళ్లి, దాంట్లోంచి బయటికొచ్చి టైర్లని తిప్పే రాడ్‌ని అటూ ఇటూ జరుపుతుంది, అంతే. ఇంజను ఆగినా చేతి బలంతో, బరువుగానైనా తిప్పుకోవచ్చు. ఆయిలే లేకపోతే చక్రం వట్టిగా తిరుగుతుంది, టైర్లు వాటి దారిన అవి పోతాయి. వడ్ల బస్తాల ట్రక్కు తగిలించుకుని కాలవ గట్టు మీద వెళ్లేవాడివి నువ్వు. అందుకే ఈ తొందర.

ముందు ఎక్కడ కారుతోందో తేల్చు. సిలిండర్‌నీ, పైపులనీ, జాయింట్లనీ డీజిల్‌తో కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, పైన ముఖానికి రాసుకునే పౌడర్ చల్లు. ఇంజను వేసి స్టీరింగ్ నాలుగైదుసార్లు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పు. ఆపి చూస్తే తడిసిన చోటు దానంతటదే కనబడుతుంది. ఇంజను నడుస్తుండగా పైపు మీద చెయ్యి మాత్రం వెయ్యకు. లోపల ప్రెషర్ వంద బార్ దాటుతుంది. సూది మొనంత చిల్లు నుంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి చిన్న గాటులా కనబడి వేళ్లు తీసేసే దాకా తెస్తుంది. అనుమానం ఉన్న చోట అట్టముక్క అడ్డం పెట్టి చూడు. పొరపాటున అలా జరిగితే నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా ఆ క్షణమే పెద్దాసుపత్రికి పో.

హోస్ చివర గానీ, రాగి వాషర్ దగ్గర గానీ తడి ఉంటే అది చిన్న పని. వాషర్ కొత్తది వెయ్యి, పాతది మళ్లీ బిగించకు. రాడ్ బయటికొచ్చే చోటి సిలిండర్ మూత, అంటే గ్లాండ్, దగ్గర తడి ఉంటే సిలిండర్ విప్పాల్సిందే.

ఇంకోటి కూడా చూడు. బయట చుక్క కారకపోయినా, చివరి వరకూ తిప్పాక స్టీరింగ్ చక్రం ఇంకా నెమ్మదిగా జారుతూ తిరుగుతోందా? అలాగైతే లోపల రాడ్‌ని తోసే పిస్టన్ చుట్టూ ఉండే సీల్ దాటి ఆయిల్ పోతోంది, లేదా స్టీరింగ్ యూనిట్ అరిగింది. ఏదో తెలియాలంటే కుడి చివరికి తిప్పి ఇంజను ఆపు. ఆయిల్ వెనక్కి వచ్చే వైపు హోస్ విప్పి, దాని మూతి గట్టిగా బిగించి, సిలిండర్ రంధ్రం కింద గిన్నె పెట్టు. ఇంజను వేసి మళ్లీ కుడికే మెల్లగా ఒత్తు. ఆ రంధ్రంలోంచి ఆయిల్ ఆగకుండా వస్తుంటే పిస్టన్ సీల్ పోయినట్టు. రాకుండానే చక్రం జారుతుంటే యూనిట్ పని.

విప్పేటప్పుడు ముందు ఇరుసుని జాకీతో లేపి, గట్టి చెక్క దిమ్మలు పెట్టాకే కిందికి వెళ్లు. రెండు హోసుల్లో ఒకదానికి ఎర్ర గుడ్డ పేలిక కట్టు. తారుమారుగా బిగిస్తే కుడికి తిప్పితే బండి ఎడమకి పోతుంది.

సిలిండర్ విప్పగానే కుర్రాళ్లందరూ పాత సీల్ తీసి చూస్తారు. నువ్వు రాడ్ చూడు. మన వైపు సీల్ పాడయ్యేది దమ్ము బురదతోనే. రాడ్ మీద అంటిన బురద మధ్యాహ్నం ఎండకి ఆరి గట్టిపడుతుంది. సాయంత్రం బండి తిప్పగానే ఆ బురదలోని ఇసుక, రాడ్ మీది మురికిని తుడిచే వైపర్‌ని కోసి, గ్లాండ్‌లోకి దూరి, రాడ్‌ని గీరేస్తుంది. రాడ్ పైన మెరిసే క్రోమ్ పూత సుమారు 20, 25 మైక్రాన్లే ఉంటుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అది దాటి గీత పడిందంటే కింద ఉక్కు తుప్పు పడుతుంది, ఆ తుప్పు గుంట కొత్త సీల్‌ని తిప్పిన ప్రతిసారీ కొరుకుతుంది. గోరు పెట్టి రాడ్ పొడవునా లాగి చూడు. గోరు జారిపోతే నీళ్ల ఎమరీ కాగితం, బాగా సన్నది తీసుకుని రాడ్ చుట్టూ రుద్దు, పొడవునా రుద్దకు. పొడవు గీతలు ఆయిల్‌కి దారులవుతాయి. గోరు ఎక్కడైనా ఆగితే సీల్ కిట్ కొనకముందే రాడ్‌ని లేత్ షాపుకి పంపు. అక్కడ వంపు కూడా చూడమను. గట్టుకి టైరు గుద్దుకున్న బండ్లలో రాడ్ కంటికి తెలియనంత వంగి ఉంటుంది. గ్రైండింగ్ చేసి హార్డ్ క్రోమ్ ఎక్కించాలి, కుదరకపోతే కొత్త రాడ్. ఖర్చుకి వెనకాడి గీతలున్న రాడ్ మీద కొత్త సీల్ వేస్తే నెల తిరక్కుండా మళ్లీ అదే పని.

సీల్ కిట్‌కి పాత సీల్ కొలత ఇవ్వకు, అది ఉబ్బి ఉంటుంది. రాడ్‌నీ, బ్యారెల్ (సిలిండర్ గొట్టం) లోపలి వ్యాసాన్నీ వెర్నియర్ కొలబద్దతో కొలిచి పట్టుకెళ్లు. సీల్ పెదవి, అంటే దాని సన్నటి అంచు, ఆయిల్ వైపు తిరిగి ఉండాలి, వైపర్ పెదవి బయటికి. తిరగేసి వేస్తే మొదటి రోజే కారుతుంది. ఆయిల్ రాసి, జీడిపప్పు ఆకారంలో వంచి గ్లాండ్ గాడిలో కూర్చోబెట్టు, స్క్రూడ్రైవర్‌తో పొడవకు. రాడ్ చివర మరలుంటే టేపు చుట్టాకే గ్లాండ్ ఎక్కించు, ఆ మరల అంచులు పెదవిని బ్లేడులా కోస్తాయి.

బిగించే ముందు రెండు చివర్ల పిన్నులూ, బాల్ జాయింట్లూ ఊపి చూడు. వాటిలో లూజు ఉంటే రాడ్ పక్కకి లాగుతూ కొత్త సీల్‌ని ఒక వైపే తినేస్తుంది. ఈ కారణం చాలామంది మెకానిక్కులు పట్టించుకోరు, నాకు అదే బాధ.

ఆయిల్ బండి పుస్తకంలో చెప్పిన రకమే పొయ్యి. బ్రేక్ ఆయిల్ చుక్క కూడా కలపకు, రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. లీకు ఆపే మందులంటూ అమ్మే డబ్బాల జోలికి పోకు. పాత ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు దిగినట్టు, మొత్తం వంపేసి ఫిల్టర్ కూడా మార్చు.

చివరగా గాలి తీయాలి. ముందు టైర్లు లేపే ఉంచి, ఇంజను స్లోలో పెట్టి, స్టీరింగ్ నెమ్మదిగా ఆ చివరికీ ఈ చివరికీ తిప్పు. చివర పట్టి ఉంచకు. నురగ తగ్గేదాకా ఆగి, ఆయిల్ చూసి, మళ్లీ పొయ్యి.

మర్నాడు పొలంలో ఓ గంట నడిపాక దిగి చూడు. రాడ్ మీద పల్చటి తడి పొర ఉంటే మంచిదే, చుక్క కట్టి కిందికి జారితే ఆపెయ్యి. అప్పుడు ఎన్ని గంటలైనా సరే నాకు ఫోన్ చెయ్యి, నేనే బయల్దేరి వస్తాను. దమ్ము నుంచి వచ్చిన ప్రతి సాయంత్రం బురద ఆరకముందే రాడ్ కడిగి తుడవడం మానకు.

మావయ్య