క్రెడిట్ వస్తుందని ఇల్లు కొనొచ్చా?

తమ్ముడూ, కావలి నుంచి డాలస్ వచ్చి రెండేళ్ళు కాలేదు, అప్పుడే ఇల్లంటున్నావు. మొదటి ఇల్లు కొంటే ప్రభుత్వం టాక్స్ క్రెడిట్, అంటే పన్నులో తగ్గింపు, ఇస్తుందని నీకు ఎవరో పాత కబురు చెప్పారు. ఆ ఫెడరల్ పథకం 2010లోనే అయిపోయింది. ఇప్పుడు రాష్ట్రాలు, కౌంటీలు ఇచ్చే సాయం నీకు వర్తిస్తుందో లేదో వాళ్ళ సైట్లలో చూసుకో.

నేను 2009లో ఆ క్రెడిట్ కోసమే కొన్నా. 8,000 డాలర్లు, తిరిగి కట్టే పని లేదు. అంతకు ముందు ఏడాది కొన్నవాళ్ళకి వచ్చిన 7,500 మాత్రం 15 ఏళ్ళలో తీర్చాల్సిన అప్పు. వాళ్ళని చూసి నా అంత తెలివైనవాడు లేడనుకున్నా. అమెరికావాళ్ళు ఎదురు డబ్బిచ్చి మావాడితో ఇల్లు కొనిపించారని మా నాన్న ఒంగోలంతా చెప్పుకున్నాడు. ఆ డబ్బు ఫ్రిజ్జుకీ, బ్లైండ్స్‌కీ, గడ్డి కోసే మెషీన్‌కీ సరిపోయింది.

కొత్త ఇల్లు కదా, మొదటి ఏడు ప్రాపర్టీ టాక్స్ ఖాళీ స్థలానికే వేశారు. మరుసటి ఏడు ఇంటిక్కూడా వేశారు. టాక్సూ ఇన్సూరెన్సూ కట్టడానికి బ్యాంకు మన దగ్గర నెలనెలా తీసుకుని దాచే ఎస్క్రో ఖాతాలో తక్కువ పడిందని, ఇకమీదట నెలనెలా పెంచి కట్టమని బ్యాంకు ఉత్తరం! ఇంతలో ప్రాజెక్టు షికాగోకి మారింది. అమ్మేద్దామా అంటే క్రెడిట్‌కి షరతొకటుంది: 36 నెలలు ఆ ఇంట్లో ఉండకుండా అమ్మితే క్రెడిట్ వెనక్కి కట్టాలి. సోమవారం తెల్లారకుండా విమానం ఎక్కడం, గురువారం రాత్రికి ఇల్లు చేరడం. అలాగే లాక్కొచ్చా. అందరి వల్లా అయ్యే పని కాదులే.

నీ సంగతి చూద్దాం. నాలుగు లక్షల డాలర్ల ఇంటికి పది శాతం నువ్వు పెట్టుకుంటే, ఆరున్నర శాతం వడ్డీతో 30 ఏళ్ళ అప్పుకి నెలకి సుమారు 2,275. టెక్సస్‌లో ప్రాపర్టీ టాక్స్ రెండు శాతమనుకున్నా ఏడాదికి 8,000. నాకు ఒక్కసారి వచ్చింది నువ్వు ప్రతి ఏడూ కట్టాలన్నమాట! ఇంటి ఇన్సూరెన్సు, పీఎంఐ (మనం అప్పు ఎగ్గొడితే బ్యాంకు మునగకుండా మనతోనే కట్టించే ఇన్సూరెన్సు) కలిస్తే నెలకి మూడు వేలు దాటుతుంది. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోడానికి నీకుండేది మహా అయితే 60 రోజులు. అప్పుడు కూడా వాయిదా ఆగదు.

మీ నాన్న రొయ్యల గుంట అమ్మి డౌన్ పేమెంట్ పంపుతాడన్నావే, అదీ నాకు టెన్షన్. 2025లో అమెరికా సుంకాలు పెంచాక రొయ్యల రైతు ఎంత నలిగాడో మీ ఇంట్లోవాళ్ళకి నేను చెప్పాలా? ఇలాంటప్పుడు గుంటకి ఎవరు మంచి ధర ఇస్తారు?

ఆర్నెల్లపాటు, నెలనెలా ఆ మూడు వేలల్లో అద్దె పోగా మిగిలింది వేరే ఖాతాలో దాచు. ముట్టుకోకుండా ఉండగలిగితే ఫోన్ చెయ్, మంచి రియల్టర్‌ని నేను చూపిస్తా. ఈలోగా నాన్నకి చెప్పి గుంట బేరం ఆపించు.