డోర్ స్పీకర్లు: పెట్టె మీది వాట్లు, తలుపులోని బేస్

ప్రశ్న: నా హ్యాచ్‌బ్యాక్‌కు ఏడేళ్లు. కంపెనీ స్టీరియో ఉంచేసి ముందు తలుపుల స్పీకర్లు మాత్రం మార్చాలనుకుంటున్నాను. షాపులో చూపించిన రెండు జతల్లో ఒకదాని మీద 350 వాట్లు, రెండోదాని మీద 180 వాట్లు అని ఉంది. ధర దాదాపు ఒకటే. 350 వాట్లవి తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ అంకెను పట్టించుకోకండి. స్పీకర్ క్షణకాలం ఎంత తట్టుకుంటుందో అది చెబుతుంది, ఎంత గట్టిగా మోగుతుందో చెప్పదు. మీ స్టీరియో ఇచ్చేదెంతో చూడండి. ఇంజిను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. మామూలు స్టీరియో ఆ వోల్టేజీతోనే పనిచేస్తుంది కాబట్టి 4 ఓమ్‌ల స్పీకర్‌కు లెక్క ప్రకారమే 26 వాట్లు దాటవు. నష్టాలు పోను శుభ్రంగా వచ్చేది 15 నుంచి 20. స్టీరియో ముందు ‘4×50’ (నాలుగు స్పీకర్లకు తలా 50 వాట్లు) అని అచ్చేసి ఉన్నా ఇంతే. నమ్మకం కుదరకపోతే వెనక ఫ్యూజు చూడండి. అది 10 ఆంపియర్లదైతే నికరంగా లోపలికి వచ్చేదే 144 వాట్లు, ఇక 200 బయటికెలా వస్తాయి?

ఉన్న కొద్ది పవర్‌తో గట్టిగా మోగాలంటే చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే ఒక వాటు ఇస్తే స్పీకర్ ఎన్ని డెసిబెల్స్ శబ్దం చేస్తుందో చెప్పే అంకె. 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకర్‌కు అదే శబ్దానికి సగం పవర్ చాలు. 88 కన్నా 91 ఉన్నది మీకు మేలు. ఇక్కడా ఓ కిటుకు ఉంది. కొందరు ఒక వాటుకు కాకుండా 2.83 వోల్టులకు కొలిచి అచ్చేస్తారు. 4 ఓమ్‌ల స్పీకర్‌కు అది 2 వాట్లు. అలాంటి అంకెలోంచి 3 తీసేసి పోల్చండి.

కొనే ముందు డోర్ ప్యాడ్ విప్పించి, అద్దం పూర్తిగా దించి, స్పీకర్ కూర్చునే రేకు నుంచి అద్దం దాకా లోతు కొలవండి. మాగ్నెట్‌కు, అద్దానికి మధ్య కనీసం 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. ముందువైపు కూడా చూసుకోండి: కోయాక్సియల్ స్పీకర్ (పెద్దదాని మధ్యలోనే చిన్నది అమర్చినది) మధ్యలో పొడుచుకొచ్చిన ట్వీటర్, అంటే సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్, డోర్ ప్యాడ్ జాలీకి తగలొచ్చు. చాలా కార్లలో పాత స్పీకర్‌ను బోల్టులతో కాదు, రివెట్లతో బిగిస్తారు. డ్రిల్‌తో రివెట్ తల మాత్రమే తీయించండి, రేకు రంధ్రం పెద్దది కానివ్వకండి. వైర్లు కోయనివ్వకండి, మీ కారుకు సరిపోయే కప్లర్ (వైర్లు కోయకుండా కలిపే ప్లగ్గు) అడగండి.

ప్రశ్న: కొత్త స్పీకర్లు వేయించాక బేస్ పాతవాటికన్నా తగ్గింది. స్పీకర్లే నాసిరకమా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ముందు స్పీకర్లను అనుమానించకండి. బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకు తిప్పి వినండి, తర్వాత మధ్యకు తెండి. ఒక్కవైపు మోగినప్పుడే బేస్ ఎక్కువ వినిపిస్తే ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఒక స్పీకర్ కోన్ (ముందువెనకలకు కదిలే గరాటు లాంటి భాగం) ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, బేస్ ఒకదానికొకటి కొట్టుకుపోతుంది. కంపెనీ వైర్ల రంగులు చూసి నిర్ధారించుకోవద్దు. స్టీరియో నుంచి స్పీకర్ తీగలు విప్పి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ను అర సెకను తాకించండి. కోన్ బయటికి కదిలితే సెల్ ప్లస్ తాకిన తీగే ప్లస్.

పోలారిటీ (ప్లస్, మైనస్ కలిపిన తీరు) సరిగ్గానే ఉంటే స్పీకర్‌కు, తలుపు రేకుకు మధ్య ఉండే రింగు చుట్టూ వేలు పెట్టి చూడండి. వేలు దూరేంత సందున్నా కోన్ వెనక గాలి ముందుకొచ్చి బేస్‌ను తినేస్తుంది. ఫోమ్ టేపు చుట్టూ తెగకుండా అంటించాలి. తలుపు రేకులోని పెద్ద రంధ్రాలను బ్యూటైల్ డ్యాంపింగ్ షీటుతో (రేకు అదురు తగ్గించే రబ్బరు లాంటి అంటుకునే షీటు) మూయిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. నా మటుకు డబ్బు మిగిలితే ఖరీదైన స్పీకర్లకన్నా దీనికే పెట్టమంటాను. అడుగున నీరు కారే రంధ్రాలు మాత్రం మూయకూడదు, తలుపు లోపలే తుప్పు పడుతుంది.

ప్రశ్న: స్పీకర్ కింద ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) రింగు వేయించవచ్చా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: వద్దు. అద్దం మీద పడ్డ వాన తలుపు లోపలికే కారుతుంది. తడిసిన ఎండీఎఫ్ ఉబ్బి స్క్రూల పట్టు వదిలేస్తుంది. ప్లాస్టిక్ రింగు వేయించండి. ఎండీఎఫ్ తప్పకపోతే అంచులతో సహా రెండు కోట్లు పెయింటు కొట్టించాకే బిగించాలి.